తొట్టిలో బుడగ

చుట్టుగుంట సెంటర్లో
ముప్పై ఏళ్లుగా ట్యూబుల్ని నీళ్లలో ముంచుతున్నాను.
గాలి ఎక్కణ్ణుంచి పోతోందో
బుడగే చెబుతుంది. మనిషి చెప్పడు.

ఏసోబూ చెప్పలేదు.
మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాడు.
దగ్గితే, ఘాటన్నాడు.
గుంటూర్లో దగ్గుకి సాకు వెతుక్కోనక్కర్లేదు,
గాలే వచ్చి సాక్ష్యం చెబుతుంది.
ఎర్రగా పడ్డ రోజున మాత్రం
తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని
నా కొట్టు ముందు పాత టైరు మీద
ఊరికే కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రాసుకుంటూ అడిగింది.
రోజుకెన్ని బీడీలు?
ఒక కట్ట, అన్నాడు. రెండు, అన్నాన్నేను.
షుగరు?
ఉంటే ఉండొచ్చు.
నిరుడు ఎంత బరువుండేవాడివి?
టిక్కీ బరువైతే తెలుసమ్మా, అని నవ్వాడు.
ముందే కరెంటు పెట్టించారా?
పెట్టించాం, ఇరవై అయిదు సార్లు.
గడ్డ ఏ పక్క?
కుడి.
అక్కడ ఆమె పెన్ను కాస్త ఆగింది.

ఊపిరితిత్తి తీసెయ్యడం ఒక ఎత్తు,
కుట్టేసిన గొట్టం మూతి మానడం ఇంకో ఎత్తు, అంది.
కుడి మూతికి కప్పుకోను కండ తక్కువట,
చేరే నెత్తురూ తక్కువట.
చక్కెర పుండుని మాననివ్వదు,
కరెంటు తగిలిన చోటు బెరడు కడుతుంది,
ఒంట్లో సత్తువ లేకపోతే
దారం మాత్రం దేన్ని పట్టుకు వేలాడుతుంది?

కరుణమ్మ నా వంక చూసింది.
నాకంతా అర్థమైంది, అదే నా ఖర్మ.
ఎండకి మాగిన రబ్బరు ప్యాచీ పట్టదు.
వాల్వు మెడ దగ్గర చీలితే
ఎంత మొనగాడైనా చేతులెత్తేస్తాడు,
కొత్త ట్యూబు వేయించుకో బాబూ, అంటాడు.
ఆ మాట మింగేసి
గుడ్లు పెట్టమ్మా, అన్నాను.

మూడు వారాలు గుడ్లు పెట్టింది.
మూడు బంతుల డబ్బా ఒకటిచ్చారు, ఊపిరి లాగమని.
రెండు బంతులు లేచేవి.
మూడోది మొండిది.
ఒకసారి వాడి చెవి వెనక బీడీ దొరికింది,
వెలిగించలేదురా, వాసన చూశానంతే, అన్నాడు.
నమ్మాను. నమ్మకపోతే ఏం చెయ్యను?

కోశారు. మూడో నాటికి సీసా తీసేశారు.
తొమ్మిదో రాత్రి ఎడమకి ఒత్తిగిల్లాడు,
దగ్గు,
నోటి నిండా ఉప్పునీళ్లు.
సిస్టరు పరుగెత్తుకొచ్చి కుడికి తిప్పింది,
ఉన్న ఒక్కటీ మునిగిపోతుంది తాతా, అటు తిరగొద్దు!

మళ్లీ గొట్టం, మంచం కింద మళ్లీ సీసా.
వంగి చూశాను.
సీసా నీళ్లలో,
వాడు దగ్గినప్పుడల్లా,
నా తొట్టిలో బుడగ.

ఈసారి వీపు కండ తిప్పి తెచ్చి
మూతి మీద కప్పారు.
నలభై ఏళ్లు ఏ కండ మీద టిక్కీలెత్తుకున్నాడో
ఆ కండే.
యార్డు వాళ్లకి చెబితే ఎవరూ మాట్లాడలేదు.
ఒకడు తన వీపు తడుముకున్నాడు.

ఈ పొద్దున ఎవరో కుర్రాడు బండి తోసుకొచ్చాడు.
ప్యాచీ వేసి, ముంచి, చూస్తున్నాను.
ఏంటి తాతా, నువ్వెందుకు ఊపిరి బిగబట్టావు, అన్నాడు.
అప్పుడే ఫోను.
కాలేషా అన్నా,
రాత్రి నుంచీ సీసాలో బుడగ రాలేదు,
నీకు తెలుసుగా, మంచిదేనా?

చేతులు తడి. ఫోను భుజానికీ చెవికీ మధ్య.
తొట్టిలో నీళ్లు కదలకుండా ఉన్నాయి.
ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పే మాటే
గొంతులోంచి మెల్లగా వచ్చింది:
ఇంకాసేపు చూద్దామమ్మా.